లిసియా తీరంలో టెంటు మకాం: పురాతన నగరాల పక్కన పదకొండు రాత్రులు

టర్కీ నైరుతి మూలన ఫెథియే నుంచి అంతాల్యా దాకా సాగే మధ్యధరా తీరం పూర్వం లిసియా అనే దేశం. టారస్ కొండలు నేరుగా సముద్రంలోకి దిగిపోయే చోటు. ఇక్కడ 23 నగరాలు కలిసి ఒక సమాఖ్యగా ఉండేవనీ, పెద్ద నగరాలకు మూడు, మధ్యస్థమైన వాటికి రెండు, చిన్నవాటికి ఒక ఓటు ఉండేదనీ ప్రాచీన భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆ నగరాల గోడలు, నాటకశాలలు, రాతి సమాధులు ఇప్పటికీ ఊళ్ళ మధ్యన, తోటల్లో, కొన్నిచోట్ల నీళ్ళలో కూడా కనిపిస్తాయి.

ఇలాంటి చోట టెంటు డబ్బు ఆదా చేస్తుంది, నిజమే. దానికన్నా పెద్ద లాభం సమయం. ఈ శిథిలాలు చూడాల్సింది పొద్దున గేటు తీసిన దగ్గర్నుంచి పది లోపు, మళ్ళీ సాయంత్రం అయిదు దాటాక. మధ్యాహ్నం తెల్లటి సున్నపురాయి మీద ఎండ కళ్ళు తెరవనివ్వదు, పైగా టూరిస్టు బస్సులన్నీ వచ్చేది అప్పుడే. దూరంగా హోటల్లో దిగినవాళ్ళు టిఫిను చేసి, బస్సు పట్టుకుని వచ్చేసరికి మంచి వేళ దాటిపోతుంది. శిథిలాలకు నడిచి వెళ్ళేంత దగ్గరలో టెంటు వేసుకుంటే రెండు పూటలూ మీవే. కింద చెప్పిన ప్రణాళిక అంతా ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

## ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా, లేదా సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మూడో వారం దాకా. వసంతంలో శిథిలాల మధ్య పూలు, లెతూన్ గుడి మడుగులో కప్పల బెకబెకలు ఉంటాయి, కానీ సముద్రం చల్లగా ఉంటుంది. అక్టోబరులో నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఒకటే ఎంచుకోవాలంటే ఈతకు సెప్టెంబరు చివర, నడకకు ఏప్రిల్ చివర.

జులై, ఆగస్టు వద్దు. ఎండ 35 డిగ్రీలు దాటడం మామూలు. రాత్రి కూడా టెంటులో ఉక్క తగ్గదు. అడవుల్లో నిప్పు ప్రమాదం కూడా అప్పుడే ఎక్కువ. 2021లో ఈ తీరం వెంటే మనవ్‌గాత్, మార్మరిస్ ప్రాంతాల్లో పెద్ద కార్చిచ్చులు రేగాయి. అందుకే వేసవిలో ముగ్లా, అంతాల్యా జిల్లాల గవర్నర్లు అడవుల్లోకి వెళ్ళడం మీద, నిప్పు రాజేయడం మీద నిషేధాలు పెడుతుంటారు. బయల్దేరే ముందు ఆ యేటి ఉత్తర్వు చూసుకోండి. నవంబరు నుంచి మార్చి దాకా కుండపోత వానలు, చాలా క్యాంపులు మూసేసి ఉంటాయి.

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు వీసా కావాలి. అమెరికా, బ్రిటన్, ఐర్లండ్, షెంగెన్ దేశాల్లో ఏదో ఒకదాని వీసా గానీ నివాస పత్రం గానీ చెల్లుబాటులో ఉంటే ఆన్‌లైన్ ఇ-వీసాకు దారి ఉంది. లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉండే తెలుగువాళ్ళకు ఇది సులువు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్ళేవాళ్ళు, చేతిలో ఆ పత్రాలు లేకపోతే, స్టిక్కర్ వీసాకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. షరతులు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేముందే అధికారిక సైటులో సరిచూసుకోండి.

## నాలుగు మకాములు చాలు

కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు రోజుకో ఊరు మార్చడం. టెంటు విప్పి, ఆరబెట్టి, మడిచి, బస్సెక్కి, మళ్ళీ వేసుకునేసరికి సగం రోజు పోతుంది. పోయేది కూడా సరిగ్గా ఆ మంచి వేళే. పదకొండు రాత్రులకు నాలుగు మకాములు పెట్టుకోండి: కయాకోయ్ దగ్గర 2, పతారా దగ్గర 3, కాష్‌లో 3, చిరాలీలో 3.

దలమాన్ విమానాశ్రయంలో దిగితే ఫెథియే సుమారు 50 కి.మీ. అక్కడి నుంచి పతారా దాదాపు 75, పతారా నుంచి కాష్ 40 చిల్లర, కాష్ నుంచి దెమ్రే 45, చిరాలీ నుంచి అంతాల్యా 80. ఊళ్ళన్నిటినీ కలిపే రోడ్డు డీ-400. దాని మీద దోల్ముష్ అనే మినీబస్సులు తిరుగుతుంటాయి. చెయ్యెత్తితే ఆగుతాయి, దిగాల్సిన చోటు చెబితే దింపుతాయి. కారు అద్దెకు తీసుకుంటే క్సాంథోస్, లెతూన్, దెమ్రేల్లోని శిథిలాలు చూడటం తేలికవుతుంది. అంతమాత్రాన కారు లేకపోతే యాత్రే లేదనుకోవద్దు.

నడక మీద ఇష్టమున్నవాళ్ళకు లిసియా బాట ఉంది. 1999లో కేట్ క్లో అనే బ్రిటిష్ మహిళ చొరవతో గుర్తులు వేసిన దూరపు కాలిబాట ఇది, అప్పట్లో సుమారు 540 కి.మీ. రాళ్ళ మీద తెలుపు, ఎరుపు పట్టీలు కనిపిస్తే దారిలో ఉన్నట్టు. ఎరుపు ఇంటూ గుర్తు ఉంటే ఆ దారి కాదని అర్థం. పావుగంట నడిచినా పట్టీ కనబడకపోతే ముందుకు పోకుండా, చివరి గుర్తు దాకా వెనక్కి రండి.

## సామాను: ఏది, ఎంత

టెంటు తనంతట తాను నిలబడే రకం తీసుకోండి. మేకులు దిగకపోయినా నిలుస్తుంది. పైకప్పు ఒక పొర, లోపల దోమతెర ఒక పొర విడివిడిగా ఉండాలి. వాన లేని రాత్రి తెర ఒక్కటే వేసుకుంటే గాలి ఆడుతుంది.

మేకుల దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. టెంటుతో పాటు వచ్చే సన్నటి అల్యూమినియం మేకు ఇక్కడి నేలలో రెండు అంగుళాలు దిగి, కింద రాయి తగిలి పక్కకు వంగిపోతుంది. రెండో దెబ్బకు తల విరుగుతుంది. 18–20 సెంటీమీటర్ల గట్టి ఉక్కు మేకులు 12, చిన్న సుత్తి ఒకటి పట్టుకెళ్ళండి. మేకు అసలు దిగని చోట తాడును చేతి పొడవు కర్రకు కట్టి, ఆ కర్రను నేల మీద అడ్డంగా పెట్టి, దాని మీద నాలుగు బరువైన రాళ్ళు ఎత్తండి. రాయికే నేరుగా తాడు చుడితే రాత్రంతా గాలికి ఒరుసుకుని తెల్లారేసరికి తెగుతుంది. ఇసుక నేల అయితే గుడ్డ సంచిలో ఇసుక నింపి, మూతి బిగించి, తాడు కట్టి, రెండడుగుల లోతున పూడ్చాలి. రాళ్ళన్నవి మాత్రం క్యాంపు నేల మీదవే అయ్యుండాలి, పాత గోడల్లోంచి ఒక్క రాయి కూడా తియ్యకూడదు.

మిగతా సామాను: నీడకు 3×3 మీటర్ల టార్పాలిన్, 8–10 డిగ్రీల దాకా పనికొచ్చే స్లీపింగ్ బ్యాగ్, కింద పరిచే మ్యాట్, ఎర్ర వెలుగు కూడా ఉన్న తల లైటు (ఎరుపు ఎందుకో పతారా దగ్గర చెబుతాం), 15 మీటర్ల కరెంటు తీగ, గుండ్రటి రెండు పుల్లల యూరప్ ప్లగ్గు. మన మూడు పుల్లల ప్లగ్గు ఇక్కడ పట్టదు. వోల్టేజీ 220–230, కాబట్టి ఛార్జర్లకు ఇబ్బంది లేదు.

నీళ్ళు మనిషికి రోజుకు 4–5 లీటర్లు, వంటతో కలిపి. క్యాంపుల్లో కుళాయి ఉంటుంది గానీ తాగడానికి 5 లీటర్ల సీసాలు కొనుక్కోవడం మేలు. శిథిలాల లోపల నీళ్ళు దొరుకుతాయన్న ఆశతో వెళ్ళకండి.

## పొయ్యి, పప్పు, పెరుగు

గ్యాస్ డబ్బాలను విమానంలో ఒప్పుకోరు, చెక్-ఇన్ సామానులో కూడా. స్టవ్ మాత్రమే తీసుకెళ్ళి, డబ్బా ఫెథియేలో గానీ అంతాల్యాలో గానీ కొనండి. ఇక్కడ చిన్న చిక్కుంది. పల్లె దుకాణాల్లో ఎక్కువగా దొరికేది పొడిచి బిగించే రకం డబ్బా. మర తిప్పి బిగించే రకం పట్టణాల్లోని క్యాంపింగ్ షాపుల్లోనే ఉంటుంది. మీ స్టవ్ ఏ రకమో చూసుకుని, మర రకమైతే మొదటి పట్టణంలోనే యాత్రకంతా సరిపడా కొనేయండి.

ఎంత కావాలంటే, లీటరు నీళ్ళు మరగడానికి సుమారు 12–15 గ్రాముల గ్యాస్. ఇద్దరికి రోజుకు రెండుసార్లు టీ, ఒకసారి పప్పు కలిపిన అన్నం అంటే 45–50 గ్రాములు. 230 గ్రాముల డబ్బా నాలుగైదు రోజులు వస్తుంది. పదకొండు రోజులకు మూడు డబ్బాలు నిశ్చింత. క్యాంపులో ఉమ్మడి వంటగది ఉంటే రెండు చాలు. అడవి అంచున, నిషేధం ఉన్న రోజుల్లో స్టవ్ కూడా వెలిగించకండి. క్యాంపువాళ్ళు చూపించిన వంట స్థలంలోనే వండుకోండి. నిప్పు గానీ ప్రమాదం గానీ, అత్యవసర ఫోను 112.

మన వంటకు ఈ దేశం చాలా అనుకూలం. కిర్మిజి మెర్జిమెక్ అంటే మన ఎర్ర మైసూరుపప్పే, ప్రతి కిరాణా కొట్లోనూ ఉంటుంది. యోగూర్త్ అంటే పెరుగు, గట్టిగా, కమ్మగా ఉంటుంది. పుల్ బిబెర్ అని దంచిన ఎండుమిరప పలుకులు దొరుకుతాయి. కప్పు బియ్యం, అరకప్పు పప్పు, నాలుగు కప్పుల నీళ్ళు. అరగంట నానబెట్టి, ఒక పొంగు రాగానే మంట తగ్గించి, మూత మీద బరువు పెడితే ఇరవై నిమిషాల్లో అవుతుంది. బాల్దో అనే స్థానిక బియ్యం లావుగా, కాస్త జిగురుగా ఉంటుంది. పొడి అన్నానికి బాగోదు గానీ పెరుగన్నానికి బ్రహ్మాండం. చింతపండు, ఇంగువ, ఆవాలు, ఆవకాయ ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

బయట తినే శాకాహారులు “ఎత్‌సిజ్” అన్న మాట నేర్చుకోండి, మాంసం లేకుండా అని. పప్పు సూపులో కూడా మాంసం ఉడికిన నీళ్ళు పోయడం కద్దు, అది వేరుగా అడగాలి: “ఎత్ సుయు వర్ మి?” పాలకూర, జున్ను పెట్టి పెనం మీద కాల్చే గోజ్లెమె ఎక్కడైనా దొరుకుతుంది. కూరగాయలకు ఫెథియే మంగళవారం సంత, కాష్ శుక్రవారం సంత. మకాం రోజులు వీటికి కలిసొచ్చేలా వేసుకుంటే సగం ధరకు రెట్టింపు రుచి.

## టెంటు ఎక్కడ వేయాలి

క్యాంపులో చోటు చూపించగానే సంచి దించేయకండి. ముందు తూర్పు ఎటో చూడండి. టెంటుకు కావాల్సింది సాయంత్రపు నీడ కాదు, పొద్దుటి నీడ. ఏడు గంటలకే ఎండ పడితే ఏడున్నరకు లోపల ఉండలేరు. తూర్పు వైపు చెట్టు గానీ గోడ గానీ ఉన్న జాగా ఎంచుకోండి.

ఆలివ్ చెట్టు కింద మంచిదే. దేవదారు జాతి చెట్టు కిందైతే పైకి చూడండి. కొమ్మల చివర తెల్లటి దూది సంచుల్లాంటివి వేలాడుతుంటే అవి గొంగళి గూళ్ళు. వసంతంలో ఆ పురుగులు బారులు తీరి నేలకు దిగుతాయి, వాటి నూగు ఒంటికి తగిలితే దద్దుర్లు, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. పిల్లలున్నవాళ్ళు ఆ చెట్టుకు దూరంగా ఉండండి.

ఎండిన వాగు గర్భం చదునుగా, మెత్తగా, టెంటు కోసమే చేసినట్టు ఉంటుంది. అక్కడ ఎప్పుడూ వేయొద్దు. అక్టోబరులో కొండల మీద వాన కురిస్తే, మీ నెత్తిన చుక్క పడకుండానే వాగు వచ్చేస్తుంది. మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి బలంగా లేస్తుంది కాబట్టి గుమ్మం సముద్రానికి ఎదురుగా పెట్టకండి. బయటికి వెళ్ళేటప్పుడు టార్పాలిన్ విప్పేసి వెళ్ళండి. టెంటు ఎగిరిపోయే సందర్భాల్లో చాలావాటికి పైన కట్టిన టార్పాలినే తెరచాపై లాక్కుపోతుంది.

తిండి బయట ఉంచితే పిల్లులు, అడవి అంచున అయితే పందులు వస్తాయి. బూట్లు లోపలే పెట్టి, పొద్దున దులిపి తొడగండి, తేళ్ళుంటాయి.

శిథిలాల ఆవరణలో రాత్రి ఉండటానికి అనుమతి లేదు. గోధుమ రంగు బోర్డు మీద “ఒరెన్ యేరి” అని ఉంటే అది పురావస్తు స్థలం. జాతీయ ఉద్యానవనాల్లో కూడా కేటాయించిన చోట్లే వేసుకోవాలి.

## మకాం 1: కయాకోయ్

ఫెథియేలో దిగిన రోజు ముందు మ్యూజియం చూడండి. లెతూన్‌లో 1973లో దొరికిన మూడు భాషల శిల అక్కడే ఉంది: లిసియన్, గ్రీకు, అరామిక్. పోయిన లిసియా భాషను చదవడానికి పండితులకు ఎంతో సాయపడ్డ రాయి. దీన్ని చూసి వెళితే తరవాత సమాధుల మీద కనిపించే అక్షరాలు పరిచయమైనట్టు అనిపిస్తాయి.

కయాకోయ్ పురాతన నగరం కాదు. గ్రీసు, టర్కీల మధ్య 1923లో జరిగిన జనాభా మార్పిడిలో ఇక్కడి గ్రీకు క్రైస్తవులు ఊరు వదిలి వెళ్ళాల్సి వచ్చింది. కొండవాలు నిండా వందల ఇళ్ళు, పైకప్పులు లేకుండా అలాగే నిలబడి ఉన్నాయి. సాయంత్రం వెళ్ళండి. అక్కడి నుంచి కొండ మీదుగా ఒలుదెనిజ్ బీచికి గుర్తులు వేసిన దారి ఉంది, నింపాదిగా రెండున్నర గంటలు.

## మకాం 2: పతారా

టెంటు గెలెమిష్ ఊళ్ళో. ఊరు దాటాక గేటు, గేటు దాటాక శిథిలాలు, ఆ తరవాత సుమారు 18 కి.మీ. పొడవున ఇసుక తీరం. టికెట్టు ఆ గేటు దగ్గరే. విదేశీయులకు 15 రోజుల మ్యూజియం పాస్ ఉంది, కానీ దానితో ఒక్కో చోటికి ఒక్కసారే లోపలికి పంపుతారు. పతారాలో బీచికి రోజూ వెళ్ళాలనుకుంటే పాస్ లెక్క తప్పుతుంది. పాస్ ధర, మీరు చూడబోయే చోట్ల టికెట్ల మొత్తం పక్కపక్కన వేసుకుని నిర్ణయించుకోండి.

మొదటి పొద్దున సమాఖ్య సభా భవనం, పక్కనే నాటకశాల. ఓట్ల లెక్క ప్రకారం ప్రతినిధులు కూర్చున్న అర్ధచంద్రాకారపు మెట్లివే, ఇప్పుడు పునరుద్ధరించారు. ఇసుక దిబ్బల పక్కన నీరో చక్రవర్తి కాలపు దీపస్తంభం ఉంది. రేవు పూర్తిగా పూడిపోయి చిత్తడి నేల అయింది, ఒకప్పుడు అక్కడే ఓడలు ఆగేవి.

ఈ తీరం పెద్దతల తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. ఆ కాలంలో రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా బీచిలోకి ఎవర్నీ వెళ్ళనివ్వరు. పుట్టిన పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి. తెల్ల లైటు చూస్తే సముద్రం అనుకుని ఊరి వైపు వచ్చేస్తాయి. తీరానికి దగ్గరగా రాత్రి లైటు వేయాల్సి వస్తే ఎర్ర వెలుగే వాడమనడం అందుకే.

రెండో రోజు క్సాంథోస్, లెతూన్. రెండూ కలిపి 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. క్సాంథోస్‌లోని నెరెయిడ్ సమాధి శిల్పాలను 1840లలో చార్ల్స్ ఫెలోస్ అనే బ్రిటిష్ యాత్రికుడు లండన్ తరలించాడు. అక్కడే ఉన్న ఇంకో సమాధి, స్తంభ సమాధి మీద కనిపించే శిల్పాలు అచ్చులే, అసలువి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. లండన్ నుంచి వచ్చేవాళ్ళు ముందు అక్కడ చూసి వస్తే ఖాళీ పీఠం ముందు నిలబడ్డప్పుడు దాని బరువు తెలుస్తుంది.

మూడో రోజు, చాలామంది వదిలేసేది, దెలిక్కెమెర్. పతారాకు నీళ్ళు తెచ్చిన కాలువలో ఒక ముక్క. లోయ అడ్డం వస్తే రోమన్ కాలపు పనివాళ్ళు పెద్ద రాతి గోడ కట్టి, దాని మీద రాతి గొట్టం పరిచారు. ఒక్కో దిమ్మకు మధ్యలో గుండ్రటి బెజ్జం, ఒక వైపు పొడుచుకొచ్చిన అంచు, రెండో వైపు అది కూర్చునే గాడి. నేటి సిమెంటు పైపుల్లాగే ఒకదాంట్లో ఒకటి బిగుస్తాయి. నీళ్ళు ఒక కొండ దిగి, ఒత్తిడితో రెండో కొండ ఎక్కేవి. బెజ్జంలో చెయ్యి పెడితే నీటి సున్నం పేరుకున్న గరుకు తగులుతుంది.

## మకాం 3: కాష్

ఊరి చివర నాటకశాల దాటగానే సముద్రం ఒడ్డున క్యాంపు ఉంది. ఆలివ్ చెట్ల కింద మెట్లు మెట్లుగా చోటు, నేల మాత్రం రాయే. పైన చెప్పిన ఉక్కు మేకులు, కర్ర ఉపాయం ఇక్కడ తప్పనిసరి. సాయంత్రం నాటకశాల పై మెట్టు మీద కూర్చోండి. వేదిక వెనక గోడ లేదు, ఎదురుగా సముద్రం, దాని మీద మెయిస్ అనే గ్రీకు దీవి. ఆ దీవి వల్ల మీ ఫోను గ్రీకు సిగ్నల్ పట్టుకుని రోమింగ్ బిల్లు వేయొచ్చు, నెట్‌వర్క్ చేత్తో ఎంచుకోండి. అక్టోబరు చివరి ఆదివారం తరవాత గ్రీసు గడియారం గంట వెనక్కి పోతుంది, ఫోను కూడా వెంట వెళితే పొద్దుటి బస్సు తప్పుతుంది.

ఇక్కడి నుంచి ఒక రోజు దెమ్రేకు. ఊరంతా గ్రీన్‌హౌస్‌ల ప్లాస్టిక్కే, టెంటుకు చోటు కాదు, అందుకే కాష్ నుంచి వెళ్ళి రావడం. గేటు తీసేసరికి అక్కడి పురాతన నగరం మైరా సమాధుల దగ్గర ఉండండి, పది దాటితే బస్సులు దిగుతాయి. కొండ రాతిని తొలిచి, కర్ర ఇంటి దూలాలు, వాసాల చివర్లు, తలుపు చట్రాలు అన్నీ రాతిలో దించారు. కామవరపుకోట దగ్గర గుంటుపల్లి గుహ చైత్యంలో పైకప్పుకు కర్ర వాసాలు చెక్కినట్టే. ఆ గుహ చూసినవాళ్ళకు మైరాలో ఏం చూడాలో వేరే చెప్పక్కర్లేదు. తరవాత సెయింట్ నికొలస్ చర్చి, ఆపై అంద్రియాకె రేవులో రోమన్ చక్రవర్తి హాద్రియన్ కాలపు ధాన్యాగారం. ఇప్పుడది లిసియా నాగరికతల మ్యూజియం.

ఇంకో రోజు ఉచాయిజ్ ఊరి నుంచి పడవలో కెకోవా దీవికి. భూకంపాలకు కుంగి నీట మునిగిన ఇళ్ళ మెట్లు ఒడ్డు నుంచి నీళ్ళలోకి దిగిపోతూ కనిపిస్తాయి. మునిగిన నగరం మీద ఈత నిషిద్ధం, పడవవాడు దూకమన్నా దూకొద్దు. ఎదురుగా సిమెనా కోట, లోపల రాతిలో తొలిచిన బుల్లి నాటకశాల, కింద నీళ్ళలో ఒంటరిగా నిలబడ్డ రాతి శవపేటిక. ఉచాయిజ్‌కు దోల్ముష్‌లు తక్కువ, తిరుగు బస్సు వేళ ఎక్కినప్పుడే అడగండి.

## మకాం 4: చిరాలీ

పేరు మన చీరాలను గుర్తు చేస్తుంది, ఇదీ సముద్రపు ఊరే. డీ-400 మీద ఒలింపోస్‌కు ఒక మలుపు, చిరాలీకి ఇంకో మలుపు, రెండూ దగ్గర దగ్గర్లోనే. కిందికి దిగాక మాత్రం రెండు ఊళ్ళ మధ్య వాహనం దారి లేదు, బీచి మీదుగా, శిథిలాల గుండా నడవాల్సిందే. డ్రైవరుకు “చిరాలీ” అని గట్టిగా చెప్పండి. మలుపు నుంచి ఊరు సుమారు 7 కి.మీ.

తీరం తూర్పు ముఖం, సూర్యోదయం సముద్రంలోంచి. గేటు తీయగానే ఒలింపోస్ శిథిలాలకు వెళితే వాగు పక్కన తీగలల్లుకున్న గోడల మధ్య పక్షులు తప్ప ఎవరూ ఉండరు. సాయంత్రం యనార్‌తాష్. కొండలోంచి వచ్చే మీథేన్ వాయువు పురాతన కాలం నుంచి రాళ్ళ మధ్య మండుతూనే ఉంది. టికెట్టు గది నుంచి సుమారు కిలోమీటరు మెట్ల ఎక్కుడు. చీకటి పడే అరగంట ముందు పైకి చేరేలా బయల్దేరండి, దిగడానికి తల లైటు తప్పదు, చెప్పులు వద్దు.

## తిరుగు దారి

చివరి రోజు అంతాల్యా వెళ్ళే దారిలోనే ఫసెలిస్ అనే పురాతన నగరం. మూడు రేవుల మధ్య ఊరి నడి వీధి, రెండు పక్కలా అరుగులు, అక్కడే ఈత కొట్టొచ్చు. టెంటు ఆ పొద్దున తడిగా మడిస్తే, ఫసెలిస్‌లో ఆగినప్పుడు అరగంట ఎండలో పరవండి. మిగిలిన గ్యాస్ డబ్బాను క్యాంపులో పక్కవాళ్ళకు ఇచ్చేయండి.

బ్యాగులు సర్దేటప్పుడు పిల్లల జేబులు, బీచి సంచులు, కారు సీట్ల కింద ఒకసారి వెతకండి. అందంగా ఉందని ఏరుకున్న కుండ పెంకు, చెక్కడం ఉన్న రాతి ముక్క, పచ్చబడ్డ నాణెం ఏదైనా కనిపిస్తే దేశం దాటించకూడదు. టర్కీ 2863 నంబరు చట్టం కింద అది నేరం, విమానాశ్రయం స్కానర్లో రాయి స్పష్టంగా కనిపిస్తుంది. ముందే దొరికితే ఏరిన స్థలం గేటు దగ్గర సిబ్బందికి అప్పగించండి.